మోకు పడకముందే

ఆ బత్తాయిలు ఎవరికే? వాడికా? నోట్లో నీళ్ళు పోస్తేనే పక్కకి కారిపోతున్నాయి, బత్తాయి ఒలుచుకు తింటాడా వాడు? సర్లే, తెచ్చావుగా, పెట్టు. అక్కడ కాదు, ఎవడో ఒకడు తొక్కుతాడు. ఈ బల్ల కింద పెట్టు.

ముసుగు తియ్యి, మొహం చూడనీ. ఆఁ... ఆ ముక్కు నీదేనన్నమాట. నేనింకా వాళ్ళ నాన్నదేమో అనుకున్నాను.

నేనే అంబియాని, రేవు పిల్లలందరికీ నానీని, అమ్మమ్మని. సదర్‌ఘాట్ రేవులో అంబియా నానీ వస్తోందంటే సరంగులు కూడా బీడీ వెనక్కి దాస్తారు. మీ భోలా ఊరికి తిరిగే లాంచీ సరంగుతో నీకు కబురు పంపింది నేనే. "జొహురా అని ఒక మనిషి, కొడుకుని లాంచీలో మర్చిపోయింది, వెతికి పట్టుకురా" అన్నాను. మర్చిపోయిందనే అన్నాను చూడు! మీ ఊళ్ళో నీ పరువు తియ్యలేదు నేను.

ఇటు జరుగు. తలుపుకి అడ్డం నిలబడితే ఆ నర్సు వస్తుంది మళ్ళీ. నిన్న నన్ను "ఏయ్ పనిమనిషీ" అంది. నన్ను! నా బట్టలు దాని బట్టలకన్నా తెల్లగా ఉన్నాయి. దాని మొహం గుర్తుపెట్టుకున్నాను. కాటికి కాళ్ళు చాపుకున్నాక కూడా మర్చిపోను.

ఏమయిందంటావా? ఏమవుతుంది, వాడి పని వాణ్ణి తినేసింది.

నీకు తెలీందేముంది, లాంచీ కింది డెక్కు మీద మంచాలుండవు, కుర్చీలుండవు. ఎవరి దుప్పటి ముందు పడితే చోటు వాళ్ళది. ముసలి తల్లినీ, చంటిపిల్లనీ, కోళ్ళ బుట్టనీ మోసుకొచ్చేవాడు పరుగెత్తి చోటు పట్టగలడా? అందుకే మా పిల్లలు. లాంచీ వెనక్కి నడుచుకుంటూ రేవుకి వస్తుంది చూడు, మోకు విసరకముందే దూకేస్తారు. దుప్పటి పరిచి దాని మీద శవంలా పడుకుంటారు. బేరం కుదిరాకే లేస్తారు. దుప్పట్లు నావి. సోడా వేసి ఉడకబెట్టి ఉతుకుతాను. నా దుప్పటి మీద కూర్చున్నవాడికి నల్లి కుట్టిందని ఒక్కడొచ్చి చెప్పమను!

మోకు పడకముందే దుప్పటి పడాలి. మా రేవులో అదే న్యాయం. మోకు పడ్డాక దూకేవాడికి అన్నం ఉండదు.

పండగ ముందు రోజు. ఢాకా ఢాకా అంతా ఊళ్ళకి పరుగెడుతోంది. వచ్చింది కూడా నీ భోలా లాంచీయే. మా పిల్లల్లో లిటన్ ముందు దూకాడు. పెద్దవాడు, పొడుగు కాళ్ళు, వాడికేం? వాడి వెనకే నీ కొడుకు, మన ఇద్రీసు. అప్పుడే పక్కనుంచి ఇంకో లాంచీ తోసుకుంటూ వచ్చింది, రెండిటికీ ఒకే సందు కావాల్సొచ్చింది. కాలు ఆ సందులో ఉండిపోయింది.

చప్పుడు నేనున్నచోటికి వినిపించిందే. అన్నం వార్చుతున్నాను. గంజి కాళ్ళ మీద పోసుకున్నాను.

వాడేం చేశాడో తెలుసా? కాలు అట్లా ఉండగానే దుప్పటి లిటన్ మీదికి విసిరి, "పరిచెయ్ రా, ముందు పరిచెయ్" అన్నాడట. పరిచాడు. ఎవరో కూర్చున్నారు. ఆ దుప్పటి మీదే హాయిగా ఊరు చేరి సేమియా తిన్నారు. దుప్పటి తిరిగి పంపలేదు దొంగముండావాళ్ళు.

ఏడవకు. నాకు ఏడుపు పడదు. ఏడ్చేదానివి చాంద్‌పూర్‌లో ఏడవాల్సింది.

నువ్వు చెప్పక్కర్లేదు, నాకు తెలుసు. "ఈ దుప్పటి మీద కూర్చో, మన చోటు ఎవరికీ ఇవ్వకు, నీళ్ళు పట్టుకొస్తా" అన్నావు. చాంద్‌పూర్‌లో దారిమధ్యలోనే దిగిపోయావు. వాడు ఇవ్వలేదే! ఢాకా వచ్చినా లేవలేదు. ఊడ్చేవాళ్ళు వచ్చి ఈడ్చినా లేవలేదు. అదే లాంచీలో భోలా పోయాడు, మళ్ళీ వచ్చాడు, మళ్ళీ పోయాడు. వాళ్ళూ వీళ్ళూ ఇంత అటుకులు పడేస్తే తిన్నాడు. చివరికి సరంగు నన్ను పిలిచాడు. "నానీ, వీణ్ణి దించు, చూళ్ళేకపోతున్నా" అన్నాడు. దుప్పటితో సహా ఎత్తుకొచ్చాను. ఇదిగో, ఇక్కడ కరిచాడు. మచ్చ చూడు.

అందుకే రేవులో వాడి చోటు ఎవడూ లాక్కోలేడు. పెద్దపెద్ద రౌడీలు తన్నినా లేవడు. ఆ చదువు నువ్వే చెప్పావు కదా వాడికి.

ఏంటీ, రెండో మొగుడు వాణ్ణి ఇంట్లోకి రానివ్వనన్నాడా? ఆహా. నాకూ ఉన్నాడే రెండోవాడు. అన్నంలో పురుగుందని పళ్ళెం విసిరాడు, ఆ రోజే తరిమేశాను. మొగుళ్ళకేం, లాంచీకి పదిమంది దిగుతారు.

నేనేం ముద్దు చేసి పెంచలేదు, అబద్ధమెందుకు? కాళ్ళు కడగందే ముద్ద పెట్టేదాన్ని కాదు. మత్తు కోసం చెప్పుల జిగురు సంచిలో పోసుకుని పీలుస్తారు వెధవలు, వీడూ నేర్చాడు. కర్ర విరిగేలా కొట్టాను. "నువ్వూ ఓసారి పీల్చి చూడు నానీ, మోకాళ్ళ నొప్పి తెలీదు" అంటాడు! నవ్వొచ్చి చచ్చాను, మొహం అటు తిప్పుకున్నాను. వాడి ముందు నవ్వలేదు.

సరే విను. కాలు కుళ్ళిపోయింది. తీసెయ్యాలి. తీయకపోతే మనిషే పోతాడు. కాగితం మీద ఎవరో ఒకరు వేలిముద్ర వెయ్యాలి.

వాడు ఒప్పుకోడే. తెలివి వచ్చినప్పుడల్లా నా చెయ్యి పట్టుకుని ఒకటే మాట. "కాలు తీస్తే దూకేదెట్లా? నువ్వుగాని తీయనిచ్చావో, నీ చేతి ముద్ద జన్మలో ముట్టను." అన్నాడంటే అన్నట్టే. వాడు నా దగ్గర పెరిగాడు. కోపం పెట్టుకుంటే దించడు.

అదుగో, ఆ లావుపాటి కళ్ళద్దాలాయనే డాక్టరు. ఆయన్ని మాత్రం ఏమీ అడక్కు. నేనే చెప్తాను.

మొన్నే అడిగాడు నన్ను. "అమ్మమ్మవో, ఎవరివో, నాకనవసరం. వేలు పెట్టు ముసలమ్మా, ఇవాళయితే మోకాలి కిందకి తీస్తే సరిపోతుంది" అన్నాడు. ముద్ర వేసే సిరా కూడా తెప్పించాడు.

నేను పెట్టలేదు. తల్లి ఉంది, లాంచీలో వస్తోంది అన్నాను. మళ్ళీ అడిగాడు, మళ్ళీ అదే అన్నాను. ఇప్పుడు మోకాలి పైకి పాకిందట. తొడ సగానికి తీస్తారట.

ఏం, అలా చూస్తావేం? చూడు. తిట్టు కావాలంటే.

లేచాక వాడికి తిట్టుకోడానికి ఒక మనిషి కావాలే. ఆ మనిషి నేను కాలేను. కాలు లేనివాడు రేపు ఎవరి దగ్గర ముద్ద తినాలి, నీ మొగుడి దగ్గరా? వాడు నా ముద్ద ముట్టకపోతే వాడూ బతకడు, నేనూ బతకను. నీ మీద ఎలాగూ ఒక కోపం ఉంది వాడికి. దాని పక్కనే ఇదీ పడుంటుంది, నీకేం బరువు?

ఊఁ, రా. ఎడమ బొటనవేలు. గట్టిగా నొక్కు, అలికినట్టు కాదు.

అయిపోయింది. ఇంక పో. వాడు లేచేటప్పటికి నువ్వు ఇక్కడుండొద్దు. "ఎవరు తీయమన్నారు" అని అడుగుతాడు కదా, "మీ అమ్మ వచ్చి వేలు పెట్టి వెళ్ళిపోయిందిరా" అంటాను. నమ్ముతాడు.