పాప ఏడుపు మాన్పిన సెట్టు మావయ్య

ఆ రోజు ఆదివారం. సాయంత్రం అయిదింటికి టీవీలో సినిమా అయిపోయింది, మా తమ్ముడు మొదలుపెట్టాడు. తెల్లారితే మా అమ్మాయి మళ్ళీ ఉద్యోగానికి వెళ్ళాలి కాబట్టి ఆ రోజూ, ఆ వేళా నాకు బాగా గుర్తు.

మా అమ్మాయి బస్టాండులో టిక్కెట్ల కౌంటర్లో పనిచేస్తుంది. వాళ్ళిచ్చిన కొద్దిపాటి కాన్పు సెలవు ఆ ఆదివారంతో సరి. పాపకి ఇంకా మెడ నిలవలేదు. చూసుకోవలసినదాన్ని నేను. కానీ మెట్ల మీద జారిపడి కుడి మణికట్టు విరగ్గొట్టుకుని కట్టుతో కూర్చున్నాను. ఇక మిగిలింది మా అల్లుడు. ఇంటి ముందుగదిలోనే గడియారాలు బాగుచేస్తాడు. వెంట్రుకంత స్ప్రింగుని పట్టకారుతో పట్టి దాని చోట్లో కూర్చోబెట్టే చెయ్యి అతనిది. కన్నకూతుర్ని మాత్రం పుట్టిన దగ్గర్నుంచీ ఒక్కసారైనా ఎత్తుకోలేదు. "జారిపోతుందేమోనండీ అత్తయ్యగారూ" అంటాడు. గుమ్మం దగ్గర నిలబడి మురిసిపోతాడు, అంతే.

"సోమవారం పొద్దునకి ఆయన దాన్ని ఎత్తుకోకపోతే నేను ఉద్యోగం మానేస్తానమ్మా" అంది మా అమ్మాయి, గొంతు తగ్గించి. ఆ ఉద్యోగం కోసం అది ఎంత తపించిందో నాకు తెలుసు. దేవుడికి దణ్ణం పెట్టుకోవడం తప్ప నేను చేయగలిగిందేమీ లేదు. అదీ ఒంటి చేత్తో.

సరిగ్గా అప్పుడే దిగాడు మా తమ్ముడు, పెట్టెతో సహా. వాడిది సినిమా సెట్లలో సామాన్లు అందించే పని. కుర్చీ కావాలంటే కుర్చీ, కుండీ కావాలంటే కుండీ. మా ఇంట్లో వాణ్ణి సెట్టు మావయ్య అంటారు. ఈమధ్య షూటింగులు లేవు. "నాలుగు రోజులుండి పోతానక్కా" అన్నాడు. వాడి నాలుగు రోజులంటే ఎంతో ఆ భగవంతుడికే తెలియాలి. వీడి మాటలు కోటలు దాటుతాయి గానీ కాలు గడప దాటదని మా అమ్మ అంటూ ఉండేది.

ఆ రోజు టీవీలో వచ్చింది హాస్య చిత్రం. భార్య పనికి వెళ్తుంది, భర్త ఇంట్లో పసిపిల్లని చూసుకోవాలి. పాప గుడ్డ తలకి కడతాడు, తన జేబురుమాలు పాప నడుముకి కడతాడు, పాలసీసా తను తాగేస్తాడు. పక్కింటి టైలరమ్మ నవ్వాపుకోలేక కళ్ళు తుడుచుకుంది. మా అమ్మాయీ నవ్వింది. అల్లుడు మాత్రం పరీక్షకి వెళ్ళే పిల్లాడు పుస్తకం చూసినట్టు చూశాడు ఆ సినిమాని.

"ఈ సినిమాలో పాప ఏడుపు మాన్పింది ఎవరనుకున్నారు?" అన్నాడు తమ్ముడు కుర్చీ ముందుకి జరుపుకుని.

"ఎవరన్నయ్యా?" అంది టైలరమ్మ. అడక్కూడదు. అడిగింది.

"ఎవరని చెప్పను, నేనే! పెద్ద పనేం కాదులే, చెప్పుకోకూడదు కూడా. పొద్దున్నించీ పాప ఒకటే ఏడుపు, తల్లి ఎత్తుకున్నా ఆగదు, హీరో ఎత్తుకుంటే ఇంకా రెండింతలు, లైట్లు వేడెక్కిపోతున్నాయి, డైరెక్టరు టోపీ తీసి నేలకేసి కొడుతున్నాడు, ప్రొడ్యూసరు ఓ మూల కూచుని బీపీ మాత్ర మింగుతున్నాడు, నేను పూలకుండీ పట్టుకుని అటు పోతున్నవాణ్ణి, చూడలేక, ఇలా ఇవ్వండమ్మా అని కుండీ ప్రొడ్యూసరు చేతిలో పెట్టి పాపని తీసుకున్నా. అంతే! గప్‌చిప్."

"అది జరగొచ్చులే" అంది టైలరమ్మ. "కొందరి చేతిలో ఉంటుంది."

ఆ ఒక్క మాట చాలు వాడికి. మంచినీళ్ళు తాగి మీసం తుడుచుకున్నాడు.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆ పాప ఇంక నా చెయ్యి వదిల్తేనా! హీరో దగ్గరికి పోదు. షూటింగు ఆగిపోయింది. అప్పుడు డైరెక్టరు నా కాళ్ళు పట్టుకున్నంత పనిచేసి, హీరో చొక్కాలోకి వెనకనించి నా చేతులు దూర్పించాడు. ఇందాక మీరు చూశారే, గుండెలకి హత్తుకునే సీను, మొహం ఆయనది, చేతులు నావి!"

"ఆ చేతికి పచ్చరాయి ఉంగరం ఉంది కదా మావయ్యా?" అంది మా అమ్మాయి.

"వాళ్ళదే. అయిపోయాక వెనక్కిచ్చేశా. మనకెందుకే పరాయి సొమ్ము? అసలు సంగతి విను. పాపకి నేను సైగలు నేర్పా. ఒక వేలు చూపిస్తే నవ్వాలి, రెండు వేళ్ళు చూపిస్తే ఆవులించాలి, మూడు చూపిస్తే... ఇందాక హీరో మొహం తడిసింది చూశారా? అది. డైరెక్టరు పొట్ట పట్టుకుని నవ్వి, బ్రహ్మాండం, ఇంకోసారి అన్నాడు. తడి మొహం తుడిచారు, నేను మూడు వేళ్ళు చూపించా, మళ్ళీ పోసింది! కెమెరాకి ఎవరిదో జుట్టు అడ్డమొచ్చిందన్నారు, ఇంకోసారి, మళ్ళీ పోసింది! ఎలా అంటారా? రీటేకు ఉంటుందని ముందే తెలిసి దాచుకుంది తల్లి. ఆర్టిస్టంటే అదీ!"

టైలరమ్మ పమిట నోటికి అడ్డం పెట్టుకుంది. మా అల్లుడు మాత్రం సీరియస్‌గా, "ఎత్తుకునేటప్పుడు ముందు ఏ చెయ్యి పెట్టేవారు బాబాయిగారూ?" అని అడిగాడు. పాపం, నిజంగానే నేర్చుకుందామని.

"ఏ చెయ్యేమిటి అబ్బాయ్, చెయ్యి దానంతటదే వెళ్తుంది! సరే, ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆసుపత్రి సీను. వార్డునిండా పసిపిల్లలు, వాళ్ళలో తన పిల్ల ఏదో తెలీక హీరో వెతుక్కోవాలి. ఊళ్ళో ఉన్న పసిపిల్లలందర్నీ తెచ్చారు. అందరూ ఒక్కసారే ఏడిస్తే లాభం లేదట, ఈ చివరనించి మొదలై ఆ చివరికి అల వచ్చినట్టు రావాలట ఏడుపు. సరేనని స్టూలెక్కి గిలక్కాయ పట్టుకున్నా. గిలక్కాయ ఎటు తిప్పితే ఏడుపు అటు వెళ్ళింది! మధ్యలో ఒకడు శ్రుతి తప్పితే పక్కవాడు గిల్లి సరిచేశాడు. సంగీత దర్శకుడు వచ్చి చూసి, నాకు ఇంక ఈ సినిమాలో పనిలేదని పెట్టె మూసేసుకుని వెళ్ళిపోయాడు."

"పిల్లలు గిల్లుకున్నారా?" అంది టైలరమ్మ.

"గిల్లాడమ్మా, నా కళ్ళతో చూశా! అక్కడితో అయిందా? ఇప్పుడు అందరూ ఒకేసారి నిద్రపోవాలన్నాడు డైరెక్టరు. నేను ఓ కథ ఎత్తుకున్నా. సగం కాకుండానే పిల్లలందరూ కళ్ళు మూశారు. తల్లులు కునికారు. లైట్ బాయ్‌లు నిచ్చెనల మీదే నిద్ర. కెమెరామన్ కెమెరాని కావలించుకుని పడుకున్నాడు. ఇక బయటున్న జనరేటర్ చూద్దును కదా, అది గురక పెడుతోంది!"

"ఇక్కడ కూడా మొదలైందిరా నిద్ర" అన్నాను నేను. పెద్ద అక్కని, ఆ మాత్రం అనాలి.

"నువ్వు నవ్వుతావనే నీకు చెప్పనక్కా ఏదీ. అసలైనది ముందుంది. సినిమా విడుదలైంది. మొదటాట. హాలు కిటకిట. నేను వెనక వరుసలో, ఎవరికీ తెలీకుండా కూచున్నా. ముందు వరుసలో నెలలు నిండిన మనిషి. నవ్వీ నవ్వీ నవ్వీ ఆవిడకి నొప్పులొచ్చేశాయి! ఆ తర్వాత ఏమైందో తెలుసా? డాక్టరు లేడు, నర్సు లేదు, నేనున్నా. పుట్టిన పిల్ల ఏడవలేదు. నవ్వింది! వాళ్ళమ్మ నవ్వుతూ కన్నది కదా, అదే అలవాటయింది. దాని నవ్వు విని తెరమీద పాప ఇటు తిరిగింది."

"తెరమీద పాపా?"

"తెరమీద పాపే! నన్ను చూసింది. గుర్తుపట్టింది. నటన మానేసింది. మావయ్యా అని చెయ్యి చాపింది. నేను వరుసలు దాటుకుంటూ వెళ్ళి తెరలోంచి ఎత్తుకున్నా! ఈ చంకలో ఒకతి, ఆ చంకలో ఒకతి. తెరమీద ఉత్త ఉయ్యాల ఊగుతోంది. హీరో వచ్చాడు, పాపేదీ, పాపేదీ అని మంచం కిందా, బీరువాలోనూ వెతుకుతున్నాడు. జనం ఉండబట్టలేక, అదుగో బాబూ, ఆ మీసాలాయన దగ్గరుంది అని అరుస్తున్నారు! నేనే జాలిపడి లోపల పెట్టొచ్చా. లేకపోతే ఆ సినిమాకి రెండో సగం ఉండేది కాదు. కాబట్టి అమ్మడూ, నువ్వు రేపు నిశ్చింతగా ఉద్యోగానికి వెళ్ళు. పాపని నా మీద వదిలెయ్. అల్లుడి దారిన అల్లుడు గడియారాలు చూసుకుంటాడు."

అదీ వాడు వచ్చి చేరిన గమ్యం. ఇంటికో పనివాడు, పనివాడికో ఇల్లు. అల్లుడి మొహంలో బరువు దిగినట్టయింది. మా అమ్మాయి మొహంలో ఎక్కినట్టయింది.

లోపల పాప లేచి గుక్కపట్టింది. మా అమ్మాయి వెళ్ళి తెచ్చి, ఇంకేమీ అనకుండా, పిల్లని వాడి చేతుల్లో పెట్టింది.

మా తమ్ముడు పాపని రెండు చంకల కిందా పట్టుకుని చేతులు చాచి పైకెత్తాడు. మొహం మా అందరివైపు తిప్పాడు. "కొంచెం వెలుతురు పడాలి" అని కిటికీవైపు అడుగేశాడు. ఇటో పక్కకి, అటో పక్కకి మెల్లిగా తిప్పి చూపించాడు, కొట్లో కుండీ చూపించినట్టు. పాప తల ఒక్కసారి వెనక్కి వాలిపోయింది.

నా నోట్లోంచి దేవుడి పేరు వచ్చేలోపే అల్లుడు లేచాడు. కుర్చీ పడింది. ఎప్పుడు వెళ్ళాడో, ఎలా తీసుకున్నాడో, పాప అతని భుజం మీద ఉంది, మెడ కింద అతని అరచెయ్యి ఉంది.

పాప వెక్కుతోంది.

"బాబాయిగారూ" అన్నాడు అల్లుడు నెమ్మదిగా, "ఆ సినిమాలో మీరు ఎత్తుకున్నది బొమ్మని కదండీ?"

"బొమ్మేంటి!"

"ఎవరైనా పిల్లని ఎత్తుకుంటే మొహం తమవైపు తిప్పుకుంటారండీ. మీరు మావైపు తిప్పారు. వెలుతురు చూసుకున్నారు. మెడ పట్టుకోలేదు. బొమ్మకైతే మెడ దానంతటదే నిలుస్తుంది."

టైలరమ్మ మా తమ్ముడి మొహంలోకి చూసింది. "ఏమన్నయ్యా?"

వాడు గ్లాసు అందుకున్నాడు. అందులో నీళ్ళు లేవు. "లైట్లు సర్దుతున్నంతసేపూ పసిపిల్లని వేడికి పెట్టరు కదమ్మా" అన్నాడు. "రబ్బరు పాపని పెడతారు. అది నా దగ్గరుండేది. నేనే ఎత్తుకుని నిలబడేవాణ్ణి." మళ్ళీ తల ఎత్తాడు. "అయినా సరే, నా చేతుల్లో ఒక్కసారైనా ఏడ్చిందా? చెప్పండి. అబద్ధమాడానా?"

టైలరమ్మ నవ్విన నవ్వు వీధి చివరిదాకా వినిపించి ఉంటుంది. నేనూ నవ్వాను. మా అమ్మాయి నవ్వలేదు. అది మొగుడివైపు చూస్తోంది. చూసి, వేలు పెదవుల మీద పెట్టుకుని మమ్మల్ని ఊరుకోమంది.

అల్లుడికి అప్పుడు తెలిసింది తను ఏం చేస్తున్నాడో. కొయ్యబారిపోయాడు. "ఇప్పుడు దీన్ని దింపడం ఎలాగ?" అన్నాడు.

తెలిసిన ఆడవాళ్ళం ముగ్గురం ఉన్నాం. ఒక్కరమూ నోరు విప్పలేదు. పాప అతని చొక్కా కాలరు గుప్పిట్లో పట్టుకుని అక్కడే నిద్రపోయింది. అతను రాత్రి భోజనం కూడా దాన్ని అలాగే మోస్తూ, నిలబడే తిన్నాడు.

మర్నాడు పొద్దున్నే మా అమ్మాయి యూనిఫాం వేసుకుంది. గేటుదాకా వెళ్ళి వెనక్కొచ్చింది, మళ్ళీ వెళ్ళింది. బస్సెక్కాకే నేను ఊపిరి పీల్చుకున్నాను. అల్లుడు దుకాణం తలుపు సగమే తీసి, పాపని ఒళ్ళో వేసుకుని పాలసీసా పట్టాడు. అది తల్లి కోసం చూసి, సీసా తోసేసి, ఇల్లెగిరిపోయేలా ఏడ్చింది. అతని నుదుటి మీద చెమట. నాకా చెయ్యి లేదు.

మా తమ్ముడు పెట్టె సర్దుకుని వచ్చాడు. "వెళ్ళొస్తానక్కా" అన్నాడు నా మొహం చూడకుండా. మెట్లు దిగాడు. పక్క గోడ మీదనించి టైలరమ్మ, "ఏం అన్నయ్యా, రబ్బరు పాప కబురు పెట్టిందా?" అంది. ఆ మాటకి వాడు ఊరుకుని వెళ్ళగలిగితే మా తమ్ముడే కాడు.

"నవ్వు, నవ్వు! నిన్న సగమే చెప్పా. ఆ రబ్బరు పాపకి ఓ రోజు జ్వరం వచ్చింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

లోపల ఏడుపు ఆగింది. పాప మొహం గుమ్మంవైపు తిప్పి, కళ్ళార్పకుండా, నోరు తెరుచుకుని వింటోంది. అల్లుడు ఆ నోట్లో సీసా పెట్టాడు. గుటకలు వినిపించాయి.

మా తమ్ముడు బయట ఇంకో నాలుగు మాటలు అని, పెట్టె ఎత్తుకున్నాడు. మాట ఆగగానే పాప సీసా వదిలేసి పెదవి విరిచింది.

"బాబాయిగారూ, ఆపకండి!" అని అరిచాడు అల్లుడు. "ఇంకా సగం సీసా ఉంది."

మా తమ్ముడు వెనక్కొచ్చి గుమ్మంలో నిలబడి మా ముగ్గురినీ చూశాడు. పెట్టె కింద పెట్టాడు.

"ఊఁ, జ్వరం వచ్చింది" అన్నాడు అల్లుడు, సీసాలో పాల మీదనించి చూపు తిప్పకుండా. "ఆ తర్వాత ఏమైందండీ?"