గోడకేసి తిప్పిన స్పానర్

అంటే గోడకేసి తిప్పి తగిలించేవారన్నమాట! ఆ ముక్క బతికుండగా ఒక్కసారైనా చెప్పొద్దూ? ఇన్నేళ్లు పక్కన నిలబడి అందించినదాన్నే, అయినా ఎటు తిరిగి ఉండేదో గుర్తులేదు. చేతికి తెలిసింది కంటికి తెలియాలని ఎక్కడుందండీ?

నవ్వకండి. ఫొటోలో ఉన్నా మీ నవ్వు నాకు తెలుసు. ముందు నా మాట వినండి.

మీ వంకర స్పానర్ సంగతే. డీజిల్ పంపు వెనకాల, ఎవరి కంటికీ ఆనని కింది నట్టు కోసం మీరు కాల్చి వంచుకున్నది. ఆ రోజు రోడ్డు మీద ఆగిపోయిన లారీని చూసొస్తానని అదే జేబులో వేసుకుని వెళ్లారు. ఆ లారీ కిందే మీ గుండె ఆగింది. చెప్పులు తెచ్చిచ్చారు, వాచీ తెచ్చిచ్చారు. స్పానర్ ఏదని అడిగితే, మనిషే పోతే ఇనపముక్క కోసం ఏడుస్తుందేంటన్నట్టు చూశారు.

ఇక్కడేమో మన షెడ్డులో మీరు విప్పిన ఇంజన్ బల్ల మీద అలాగే ఉండిపోయింది. మీ తమ్ముడిది ఒకటే పోరు. "వదినా, ముక్కలన్నీ గోతాల్లో కట్టి పాత ఇనుము కొనే బండాయనకిచ్చేద్దాం. షెడ్డు అమ్మేద్దాం. నీవల్ల అయ్యే పనా ఇది?"

ఎందుకవదూ? గాస్కెట్లు కోసింది నేను, వాల్వులు అరగదీసింది నేను. పేరు మీది, అంతే! "ఇంజన్ పలికితే షెడ్డు నాది, పలక్కపోతే నీ ఇష్టం" అనేశాను. నోరు జారానా? జారాను. వెనక్కి తీసుకునే రకమా నేను?

అన్నీ బిగించాను. ఆ ఒక్క నట్టు దగ్గర ఆగిపోయాను. బజార్లో ఉన్న స్పానర్లన్నీ పెట్టి చూశాను. ఊహూ.

ఇంకోటి చెప్పనా? మీరు వచ్చేవారు. మధ్యాహ్నం అన్నాలు తిన్నాక, వీధంతా కునికే వేళ, షెడ్డులోంచి కిర్రు... కిర్రుమని స్పానర్ తిరిగే చప్పుడు. వెళ్లి చూస్తే ఎవరూ ఉండరు. నట్టు బిగిశాక ఇంజన్ మీద రెండుసార్లు తట్టేవారు కదా, అయిపోయిందన్నట్టు? అది మాత్రం వినపడేది కాదు. పని అవలేదుగా మరి, ఎలా తడతారు?

మొదట్లో హడలిపోయాను. తర్వాత్తర్వాత, నాలుగు మెతుకులు గబగబా తినేసి మెట్టు మీద కూర్చునేదాన్ని.

అక్కణ్నించే కనపడింది మీ గోడ. ప్రతి పనిముట్టు చుట్టూ ఎర్రరంగుతో గీత గీశారు కదా, ఎక్కడిదక్కడ ఉండాలని. స్పానర్ పోయింది కానీ దాని గీత ఎక్కడికి పోతుంది? పాత క్యాలెండర్ కాగితం ఆనించి అచ్చు దించాను. అలాంటిదే చేసిమ్మని లేతు మిషను తాత దగ్గరికి పట్టుకెళ్లాను.

తాత కాగితం అటు తిప్పీ ఇటు తిప్పీ చూశాడు. "వంపు తెలుస్తోంది తల్లీ, మరి నట్టు పట్టే రింగు ఎటు లేవాలి? నీవైపా, గోడవైపా?"

"నావైపే" అన్నాను. ఎంత ధీమాగా అన్నాననుకున్నారు!

తెచ్చి తగిలిస్తే మీ గీతలో ఇమిడిపోయింది. ఒళ్లు జల్లుమంది, మీరే తగిలించి వెళ్లినట్టు. తీరా ఇంజన్లో పెడితే ఉల్టా! నట్టు ఇటుంటే రింగు అటు చూస్తోంది. తిరగేస్తే వంపు అడ్డం. గుమ్మంలో నిలబడి మీ తమ్ముడు "చూశావా?" అన్నాడు. అరికాలి మంట నెత్తికెక్కింది. సాయంత్రానికి బండాయన వచ్చేస్తాడు. ఇంకోటి చేయించే టైమేది?

అప్పుడు గుర్తొచ్చింది. మీరు ముందువైపు నుంచి కుడిచెయ్యి దూర్చేవారు. మరి నేనో? పుర్రచెయ్యి! కొత్తలో నేను స్పానర్ పడితే "నువ్వు బిగిస్తే నట్టు కూడా బిత్తరపోతుందే" అని ఏడిపించేవారు కాదూ? వెనకవైపుకెళ్లి ఎడంచెయ్యి దూర్చాను. మోచేతి దగ్గర తోలు లేచిపోయింది. కళ్లు మూసుకుని తడిమాను. రింగు వెళ్లి నట్టు మీద టక్కున కూర్చుంది. ఆ తప్పుడు స్పానర్ నా చేతికోసమే పుట్టిందండీ!

ఇంజన్ దగ్గింది, నల్లటి పొగ కక్కింది, పలికింది. మీ తమ్ముడు వెళ్లిపోయాడు. షెడ్డు మనదే. కొత్తదానికి వేరే మేకు కొట్టాను. మీ గీత అలాగే ఖాళీగా ఉంచాను, మీరొస్తే ఉంటుందని.

ఏం లాభం? మర్నాడు మధ్యాహ్నం మెట్టు మీద కూర్చున్నాను. చప్పుడు లేదు. ఆ మర్నాడూ లేదు. ఇప్పటిదాకా లేదు. అన్నం మెల్లగానే తింటున్నాను ఇప్పుడు.

ఎందుకు రావట్లేదో నాకు తెలుసు. నట్టు బిగిశాక, మీ అలవాటే అంటుకుందేమో, నా చెయ్యి దానంతటదే ఇంజన్ మీద రెండుసార్లు తట్టింది.

తట్టకుండా ఉండాల్సిందండీ.