మామా అల్లుళ్ల హై ప్రెస్

ఖిలా వరంగల్, కోట గోడ పక్క సందు, మొదటి అంతస్తు. అలిగి పుట్టింటికి వచ్చిన కూతురి సంగతి తేల్చుకోవడానికి సుందర్ రావు పరకాల నుంచి అల్లుడింట్లో దిగాడు. అల్లుడు శాంసన్ లాప్‌టాప్‌లో ఫుట్‌బాల్ టీమును నడిపే ఆట ముందున్నాడు. నిజం చెప్పాలంటే పెళ్లయిన దగ్గర్నుంచీ అక్కడే ఉన్నాడు.

"...అది కాదు మామయ్యా, ముందు మీరు కూసోండ్రి. చాయ్ పెడత."

"చాయ్ వద్దు, గీయ్ వద్దు. అడిగినదానికి జవాబు చెప్పు అల్లుడా. రెబెకాను తెచ్చుకుంటవా, లేదా?"

"తెచ్చుకుంట. తెచ్చుకోకుంటె ఎట్ల బతుకుత? వారం సంది కోడిగుడ్డు పొరుటే తింటాన."

"అంటే తిండి కోసం తెచ్చుకుంటవ్."

"అట్ల కాదు మామయ్యా. మాట సక్కగ రాలే. మల్ల చెప్త. మీ బిడ్డ లేకుంటె ఇల్లు ఇల్లు లెక్క లేదు. ఇది ముందు చెప్పి, గుడ్డు సంగతి తర్వాత చెప్పాల్సింది."

"మరి నాతోని మాట్లాడుకుంట ఆ డబ్బా దిక్కు చూస్తానవేంది? పిల్లనిచ్చిన మామ వచ్చినా గూడ దాన్ని బందు పెట్టవా?"

"ఆగే ఉన్నది. కసమ్. ఫైనల్ మ్యాచ్ షురూ కాకముందే ఆపిన. మీరు చెప్పుండ్రి."

"నువ్వు చెప్పు. ఆ రోజు ఏమైంది? మీ అత్త చెప్పింది గని, నీ నోటితోని వింట."

"ఏం చెప్పాలె... తప్పు నాదే. ఆమెకు జరమొచ్చింది. దవాఖానకు పోదాం పా అన్నది. అప్పుడు సెమీ ఫైనల్ నడుస్తాంది. జర ఆగు, హాఫ్ టైం అయినంక పోదామన్న."

"హాఫ్ టైం అయినంక పోయిండ్రా మరి?"

"ఆన్నే ఉన్నది నా దరిద్రం. మా తొమ్మిదో నెంబరోడు బాగ అలిసిపోయిండు. పాపం, పిలగానికి దెబ్బ తాకుతదేమోనని హాఫ్ టైంల వాన్ని బయటికి తీసిన. వాని జాగల ఎవర్ని దించాల్నో చూసుకుంట కూసున్న. తల లేపేవరకు ఆమె ఒక్కతే ఆటో ఎక్కి పోయింది. దవాఖాన నుంచి సీదా మీ ఇంటికి."

"ఆ తొమ్మిదో నెంబరోడు ఎవడు? మన దిక్కు పిలగాడేనా?"

"ఎవడు లేడు మామయ్యా. కంప్యూటర్ల పుట్టినోడు."

"లేనోని అలుపు కనవడ్డది, ఉన్నదాని జరం కనవళ్లే. శాబాష్."

"అనుండ్రి. అద్దంల చూసుకొని నన్ను నేను తిట్టుకునేదాని కంటె తక్కువనే అంటాండ్రు. ఎనుమాముల మార్కెట్ యార్డుల నేను గుమాస్తాను. గొంతు పోయేదాంక అరిస్తె ఒక్క హమాలీ తల తిప్పడు. ఈడ పదకొండు మంది నేను చెప్పినట్టు ఉరుకుతాంటె పానం ఏడికో పోతది. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత అంటరు గద. నాకు ఇంట్ల ఈగలే, బయట ఈగలే. పల్లకి ఒక్కటి ఈ డబ్బాల ఉన్నది."

"సరె సరె. మొగోడు గంత తిట్టుకోవద్దు. నేను లొల్లి వెట్టుకుందామని రాలే. ఒక్క మాట చెప్పిపోదామని వచ్చిన. మన ఇండ్లల్ల ఒక పద్ధతున్నది..."

"చెప్పుండ్రి."

"అలిగి పోయిన పిల్ల తనంతల తాను మల్ల గడప తొక్కది. మొగడు కిందికి దిగి, ఎదురువోయి, చేతిల సంచి అందుకోవాలె. అప్పుడే లోపటికి వస్తది. సంచి అందుకునుడంటె మాఫీ అడుగుడు. నోటితోని అడిగే పని లేదు."

"మా నాయిన గూడ మా అమ్మ సంచి బస్టాండుల అందుకున్నడట. నేనెందుకు అందుకోను? ఎప్పుడు రమ్మంటె అప్పుడు..."

"అయితే ఇను, ఇప్పుడు... అగో, అదేంది? ఎర్రంగీలోళ్లందరు ఒక్క దిక్కే పోయి నిలవడ్డరేంది?"

"వాళ్లు మనోళ్లు. అది హై ప్రెస్. మీరు చెప్పుండ్రి, ఇప్పుడు ఏంది?"

"హై ప్రెస్ అంటె?"

"బంతి వాళ్ల గోలు ముంగటనే గుంజుకునుడు. వాళ్లకు బంతి దొరకంగనే మనోళ్లు మీద పడాలె. ఊపిరి సలపనియ్యద్దు."

"మరి వెనుక ఎవరుంటరు?"

"వెనుక లైను గూడ ముందటికే జరుగుతది. సగం గ్రౌండు దాంక."

"సగం గ్రౌండు దాంకనా! నెత్తి మీదికెళ్లి ఒక్క బంతి కొడితె?"

"అదే కొడుతాండ్రు మామయ్యా. ఫైనల్ దాంక వచ్చి అట్లనే ఓడుతాన."

"ఓడవా మరి! జరుగు. కుర్చి ఇటెయ్యి. నా కండ్లద్దాలు ఏడ వెట్టిన?"

"అంగి జేబుల ఉన్నయి. మీకు ఫుట్‌బాల్ వస్తదా?"

"వచ్చుడేంది! పడుసుతనంల కాజీపేటల మా చర్చి టీముల రైట్ బ్యాక్."

"నిజంగ ఆడిండ్రా? రెబెకా ఎన్నడు చెప్పలే."

"ఆడిన అంటె... టీముల ఉన్న. బెంచి మీద. ఎవని కాలన్న విరిగితె నన్ను దించుతమన్నరు. ఒక్కని కాలు విరగలే. అంత గట్టి టీము మాది."

"మరి ఏం చేసేటోళ్లు?"

"హాఫ్ టైంల ఆడేటోళ్లకు నిమ్మకాయలు కోసేటోన్ని. నవ్వకు. బెంచి మీద కూసున్నోనికే ఆట మొత్తం కనవడ్తది. లైను కిందికి దించు."

"దించితె నడుమ ఖాళీ అయితది. ముందటోళ్లు ఉరుకుతరు, వెనుకోళ్లు రారు. సగం సగం చేస్తె ప్రెస్ ఆగం అయితది."

"అయితే దించకు. ఇదేంది, ఈ గీత?"

"ఎంత గట్టిగ మీద పడాల్నో చెప్పేది. నిండుగ పెడితె సెకండ్ హాఫ్‌ల అందరి పానాలు పోతయి."

"నిండుగ పెట్టు. మొదటి సగంలనే నాలుగు గోల్లు గొడ్తె సెకండ్ హాఫ్ ఎవనికి గావాలె?"

"పెట్టిన. ఇగ మ్యాచ్ షురూ చేస్తాన... మామయ్యా, మీ ఫోన్ మోగుతాంది."

"మీ అత్తే. పోయేటప్పుడు ఏదో తెమ్మంటది. మోగనీ. ఆడు, ఆడు."

"మల్ల మోగుతాంది."

"సప్పుడు బందు వెట్టి అవుతల వారెయ్యి. అగో, వాళ్ల బ్యాక్ తడబడ్తాండు! పడుండ్రి మీద! గుంజు! గుంజు!"

"గోల్!"

"గోల్! చెప్పలే? చెప్పలే నేను? అది నా గోలు!"

"మీదే మామయ్యా! ఆ నిండు గీతదే! చెయ్యి కలుపుండ్రి!"

"నిమ్మకాయలు కోసేటోడు అన్నరు నన్ను. చూడుండ్రి ఇప్పుడు. ఇగ మల్ల పడుండ్రి మీద... అదేంది, నడుస్తాండ్రేంది?"

"సెకండ్ హాఫ్ వచ్చింది. అలిసిపోయిండ్రు."

"ఆ నాలుగో నెంబరోడు చూడు, శవం ఎనుక నడిచినట్టు నడుస్తాండు. ఉరుకురా! ఉరు... పాయె."

"పాయె. ఒకటి ఒకటి."

"మల్ల నెత్తి మీదికెళ్లి కొట్టిండు! లైను దించమంటి గద!"

"మీరే మల్ల దించకన్నరు. మీరే నిండుగ పెట్టుమన్నరు."

"నేనంటె పెడ్తవా? మేనేజర్ నువ్వా, నేనా?"

"పాయె మామయ్యా. ఇంకోటి పాయె."

"గ్రౌండు మంచిగ లేదు."

"గ్రౌండు కంప్యూటర్ల ఉన్నది. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టున్నది."

"ఎవర్ని అంటానవ్?"

"నన్నే. నన్నే అనుకుంటాన... మూడు. అయిపాయె."

"అయిపాయె."

"ఇగ మూసేస్తాన మామయ్యా. ఇట్ల ఓడిపోవుడు కొరకా నేను ఆమెను జరంల ఒక్కదాన్ని పంపింది? మస్తు సిగ్గయితాంది. చెప్పుండ్రి, పరకాలకు ఎప్పుడు రావాలె? సంచి అందుకోవాలె అన్నరు గద."

"ఆ. సంచి... సంచి... యేసయ్యా!"

"ఏమైంది? ఛాతిల నొస్తాందా?"

"రెబెకా కిందనే ఉన్నదిరా!"

"కింద ఏడ?"

"గేటు కాడ, ఆటోల! సంచి పట్టుకొని కూసున్నది. 'నాన్నా, నువ్వు పోయి చెప్పు, ఆయన దిగివస్తె వస్త, లేకుంటె ఇటే పోత' అన్నది. ఇప్పుడే తోలుకొస్త అని మెట్లెక్కిన."

"మామయ్యా! ఇంతసేపు ఎండల కూసోవెట్టి గోల్లు కొట్టిస్తిరా!"

"లొల్లి తర్వాత. చెప్పులద్దు, ఉరుకు!"

"ఆగుండ్రి, ఈడికెళ్లే కనవడ్తది... మామయ్యా. ఆటో లేదు."

"సక్కగ చూడు."

"సక్కగనే చూస్తాన. గేటు కాడ మేక ఉన్నది. ఆటో లేదు."

"నా ఫోన్... అయ్యో, ఇవన్ని బిడ్డ చేసినయే. నేను మీ అత్త అనుకుంటి."

"చెయ్యుండ్రి. స్పీకర్ల పెట్టుండ్రి. నేను మాట్లాడ్త."

"హలో బిడ్డా... ఏడున్నవ్ అమ్మా?"

"ములుగు రోడ్డు దాటిన నాన్నా. అయిపోయిందా మీ మ్యాచ్?"

"మ్యాచా? మ్యాచేంది బిడ్డా, నేను అల్లునికి గట్టిగ చెప్తాన..."

"నాన్నా, నేను మెట్లెక్కి దర్వాజ దాంక వచ్చిన. నువ్వు ఫోన్ ఎత్తకుంటె మీరిద్దరు కొట్టుకుంటాండ్రేమోనని భయపడి వచ్చిన. గోలు పడ్డప్పుడు నేను ఆడనే నిలవడ్డ. చేతులు కలుపుకుంటాండ్రు."

"రెబెకా, నేను శాంసన్‌ను. పిలవకపోతివా? ఒక్క పిలుపు పిలిస్తె..."

"జరమొచ్చిన నాడు పిలిచిన గద. ఈసారి పిలవకుంటె నీకు తెలుస్తదేమో అని చూసిన. నాకు కోపం గూడ రాలే శాంసన్. ఏడుపొచ్చింది. ఇంట్ల ఒక్కడే ఇట్లాంటోడు అనుకున్న. చూస్తె దొందూ దొందే."

"ఏడున్నవో ఆడనే ఆగు. నేను వస్తాన. ఉట్టి కాళ్లతోనే వస్తాన. నీ సంచి ఆన్నే అందుకుంట."

"వద్దు. నా సంచి నేను మోసుకుంట. అమ్మకు గూడ ఫోన్ చేసి చెప్పిన. ఇప్పుడు మీరిద్దరే రెండు జతల బట్టలు సంచిల వేసుకొని పరకాలకు రాండ్రి."

"వస్తం బిడ్డా, ఇప్పుడే వస్తం. వచ్చి?"

"వచ్చి గేటు కాడ ఆటోల కూసోండ్రి. లోపటికి రావద్దు. అమ్మ, నేను దిగివచ్చి సంచులు అందుకుంటం."

"ఎంతసేపు కూసోవాలె రెబెకా?"

"ఏమో మరి. మీరు మాకు యాదికొచ్చేదాంక."