కేకల్లేని సదువు

అస్లాకు అని ఒక మేస్టారు, బావూ. మేస్టారే గానీ ఆడికి బడి లేదు. బడి లేని మేస్టారేటని నవ్వకండి, ఆ దేశంలో అప్పట్లో అలాగేనంట. నార్వే అంట దాని పేరు. మా తాత ఓడల్లో కళాసీగా తిరిగినోడు కదా, ఆ ఓడలో వొంటోడిది ఆ దేశం. ఆడు మా తాతకి సెప్పేడు, తాత నాకు సెప్పేడు. కతలో ఎక్కడన్నా ఉప్పు తగ్గితే ఆ వొంటోడిదే తప్పు. సలి దేశం అది, ఏడాదిలో సగం మంచే. ఇళ్ళు మన పేటలోలాగ గోడకి గోడ ఆనుకుని ఉండవు. ఈ కొండ కింద ఒకటి, ఆ నీళ్ళకి అవతల ఒకటి, దీవి మీద ఇంకోటి. మరి పిల్ల గుంటలు బడికి ఎలాగెళ్తారు? ఎళ్ళరు. బడే గుంటల కాడికి ఎళ్తాది. ఏటంటే, మేస్టారు పుస్తకాల మూట వీపుకి కట్టుకుని ఇంటింటికీ తిరుగుతాడన్నమాట. ఈ ఇంట్లో ఒక వారం, ఆ ఇంట్లో ఒక వారం. ఆ వారం కూడూ పక్కా ఆ ఇంటోళ్ళే ఇవ్వాల. పొయ్యి పక్కన బల్లేసి, సుట్టుపక్కల గుంటల్ని పోగేసి సదువు సెప్తాడు. ఇంటాయన ఆ మూలే కూకుని వలకి ముళ్ళేసుకుంటాడు, ఇంటామె అవతల గదిలో అంబలి కాస్తాది. అదీ బడి.

సదువంటే మరేటో అనుకునేరు. ఒకటే పుస్తకం. దేవుడి ఆజ్ఞలకి అర్తం సెప్పే పుస్తకం, నిండా ప్రెశ్నలూ జవాబులూ. అదీ ఆళ్ళ ఊరి మాటల్లో కాదు, ఎక్కడో పట్నంలో పెద్దోళ్ళు ఆడుకునే మాటల్లో. దాన్ని మొదట్నుంచి సివరిదాకా బట్టీ కొట్టాల, కేకేసి సదవాల. ఇదిగో ఇక్కడుంది తమాసా. అవతల గదిలో ఇంటామెకి కేకలు ఎంత గట్టిగా ఇనబడితే మేస్టారు అంత బాగా సెప్తన్నట్టు. కేకలు బాగున్న వారం అంబలి సిక్కగా ఉంటాది, పైన ఎన్నముద్ద ఉంటాది. కేకలు తగ్గితే అంబలి పల్సనైపోతాది. పైకి ఎవరూ ఏటీ అనరు, గిన్నెలోకి సూసుకుంటే మేస్టారికే తెలిసిపోద్ది. అస్లాకు గిన్నెలో ఎప్పుడూ సెంచా నిలబడీది. ఆడి సేతిలో బెత్తం ఉండీది మరి. గుంటలకి పదిహేనో ఏడు ఒచ్చిందనుకో, చర్చిలో జనమందరి ముందరా వరసగా నిలబడాల. పాదిరిగారు ప్రెశ్నలు అడుగుతాడు. పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు అప్పజెప్పినోడు వరస మొదట్లో, తడబడినోడు సివర్న. బొత్తిగా సెప్పలేనోడిని మళ్ళీ ఏడాది రమ్మంటారు. అది గెలిస్తేనే మనిసి. గెలవనోడికి పెళ్ళి సెయ్యరు, పడవలో వాటా ఇవ్వరు. అస్లాకు దగ్గర సదివిన గుంటలు ఏటేటా వరస మొదటేనంట, ఒక్కర్తి తప్ప.

ఆ ఒక్కర్తి పేరు మారిట. దీవి మీద సేపలోళ్ళ పిల్ల. నాలుగేళ్ళు వరసలో నిలబడింది, నాలుగేళ్ళూ తప్పింది. పంతొమ్మిదేళ్ళ మనిసి, తాడిలాగ ఎదిగి, ఆ పదిహేనేళ్ళ గుంటల పక్కన నిలబడతంటే జనానికి నవ్వులాట. తూరి అని ఒక పడవోడు ఆ పిల్ల కోసం కాసుక్కూకున్నాడు. ఆడి తల్లి కబురెట్టింది, ఈ ఏడు కూడా తప్పిందంటే నా కొడుక్కి ఏరే సమ్మందం సూసుకుంటాను అని. అస్లాకు కొట్టని సోటు లేదు, సేతులు వాచిపోయీలాగ కొట్టేడు. పాపం దాని నోరు ఎండిపోయీది గానీ మాట ఒచ్చీది కాదు. ఇది మొద్దు, దీనికి సదువు అబ్బదు అని ఆడు వొదిలీసేడు. నాకైతే ఆ మాట దగ్గర ఎప్పుడూ ఒళ్ళు మండుతాది. సరే, కత సెప్తాను.

ఏమైందంటే, ఒక సలికాలం ఆ పిల్లింట్లో బడి వారం అయిపోయింది. తరవాతి వారం అవతల దీవి మీద. తండ్రికి నడుం పట్టీసిందని మేస్టారిని దింపీడానికి మారిటే పడవ తీసింది. సగం దూరం ఎళ్ళేసరికి మంచు కమ్మీసింది. పడవలో ఆ కొసనున్న మనిసికి ఈ కొసనున్న మనిసి కనపడ్డు. మేస్టారికి పేనాలు పోతన్నాయి. ఆ పిల్ల మాత్రం తెడ్డు ఆపకుండా నోట్లో ఏదో అనుకుంటంది. నల్లరాయి మీద కెరటం ఎడం సెవికి ఇనబడాల, ఆ మీదట తాడుకి కట్టిన గుండు నీళ్ళలోకి దింపితే పన్నెండు బారలు, గుండుకి ఇసక అంటుకుంటే కుడికి తిప్పాల, పిట్టల కొండ అరుపు ఎనక్కి పడ్డాక తిన్నగా ఎళ్ళాల, ఇలాగన్నమాట. మనం ఎండ కాసినప్పుడు కొండనీ తాడితోపునీ ఒక గీతలోకి తెచ్చుకుని దారి సూసుకోమూ? ఆళ్ళు మంచులో సెవితో సూసుకుంటారు. ఒకటా రెండా, నలబై గుర్తులంట, ఒక్కటి తప్పలేదు. ఇదంతా నీకు ఎవరు కొట్టి నేర్పేరు అని మేస్టారు అడిగేడు.

"కొడితే ఏటొస్తాది మేస్టారూ," అంది ఆ పిల్ల. "మా అయ్య పడవ ఆపి, ఏటి ఇనబడతందే అని అడిగీవోడు. నాను సెప్పీదాన్ని. తప్పు సెప్తే పడవ ఎనక్కి తిప్పి మళ్ళీ ఇనిపించీవోడు. అంతే."

పడవ ఒడ్డుకి సేరింది. మేస్టారు దిగి, మూట దించుకుని, రాయి మీద సేనాసేపు కూకుండిపోయేడంట. ఏడ్చేడని మా తాత సెప్పీవోడు. అది నాను నమ్మను. సిగ్గుపడ్డాడంటే నమ్ముతాను. పదిహేనేళ్ళు కొట్టినోడికి అది సిన్న సిగ్గు కాదు కదా. మర్నాటి నుంచీ బెత్తం ముట్టుకోలేదు. పుస్తకంలో ప్రెశ్న సదవడం, మీ ఇంట్లో మాటాడుకునీ మాటల్తో సెప్పండి, మీరు సూసింది సెప్పండి అనడం. గుంటలు ముందు బిత్తరపోయేరు, తరవాత ఒక్కొక్కరే నోరు ఇప్పేరు. మరి మాటాడుకుంటే కేకలు ఉండవు కదా. ఇంటామెలు సెవులు రిక్కించి సూసేరు, ఏటీ ఇనబడలేదు. మేస్టారు గుంటల్తో కబుర్లాడుకుంటన్నాడని ఊరూరా పాకిపోయింది. అంబలి పల్సనైపోయింది, ఎన్నముద్ద మాయమైపోయింది. ఒకింట్లో అయితే ఉడకేసిన సేప తలకాయొకటి ముందర పడీసేరంట. మనిసి బక్కసిక్కిపోయేడు. నడుముకి తాడు బిగించుకున్నాడు గానీ గుంటల సేత కేకలెట్టించలేదు. పాదిరిగారి దాకా కబురెళ్ళింది. ఈ ఏడు నీ గుంటలు అప్పజెప్పకపోతే నీకు ఈ పని లేదు అని ఆయన ముందే సెప్పీసేడు.

ఆ రోజు ఒచ్చింది. చర్చి నిండా జనం. వరస సివర్న మారిట, అయిదోసారి. పాదిరిగారు అడిగేడు, దొంగతనం సెయ్యకూడదన్న ఆజ్ఞకి అర్తం ఏటి అని. ఆ పిల్ల, మంచులో పక్కోడి వల మన పడవకి తగిలితే, ఎవరూ సూడకపోయినా అందులో సేప ఆడిదే, వల ఇప్పి నీళ్ళలోకి వొదిలీయాల అని సెప్పింది. పుస్తకంలో అలాగ లేదు అన్నాడు పాదిరిగారు. జనంలో తూరి తల్లి మొహం తిప్పీసుకుంది. అప్పుడు ఎనక బల్ల మీంచి అస్లాకు లేచేడు. అయ్యగారూ, పోయినేడు వరస మొదట నిలబడినోడు ఇక్కడే ఉన్నాడు, నానే కొట్టి నేర్పేను, ఆడినీ ఇదే అడగండి అన్నాడు. ఆడు ఊరి పెద్దగారి కొడుకు. లేచి నిలబడి గడగడా అప్పజెప్పీసేడు, ఒక్క అచ్చరం పోలేదు. పాదిరిగారికి ముచ్చటేసింది. అంటే ఏటో కూడా అడగండి అన్నాడు అస్లాకు. అడిగేడు. ఆడు మళ్ళీ మొదట్నుంచీ ఎత్తుకున్నాడు. ఆపి ఇంకోసారి అడిగేడు. ఆడు ఇంకోసారి మొదట్నుంచీ ఎత్తుకున్నాడు. చర్చిలో నవ్వులు. పాదిరిగారు నవ్వలేదు. మారిట కేసి తిరిగి, నీకెప్పుడైనా అలాగ పక్కోడి వల తగిలిందా అని అడిగేడు.

"రెండుసార్లు తగిలింది అయ్యగారూ," అంది. "ఒకసారి వొదిలీసేను."

నవ్వులు ఆగిపోయేయి. మగాళ్ళందరూ కాళ్ళ కేసి సూసుకుంటన్నారంట. సముద్రం మీద బతికినోళ్ళం, మనకి తెలీదేటి ఎందుకు సూసుకున్నారో. పాదిరిగారు ముప్పై ఏళ్ళుగా అప్పజెప్పించుకుంటన్నాడు, ఇలాగ తప్పు ఒప్పుకున్నోళ్ళని ఆయన సూళ్ళేదు. కలం తీసి గెలిచినోళ్ళలో మారిట పేరు రాసేడు. వరస సివర్నే రాసేడు గానీ, రాసేడు. తూరి తల్లి ఆ సాయంత్రమే పెళ్ళి మాటలకి ఒచ్చింది.

అస్లాకు పని మాత్రం పోయింది. నిండు చర్చిలో పాదిరిగారిని అంతమంది ముందు అలాగ నిలబెడితే ఊరుకుంటారేటి? ఇంకా ఉత్తరానికి, ఇంకా సలికి ఎళ్ళిపోయి అక్కడి దీవుల్లో తిరిగేడు. ఎళ్ళిన సోటల్లా పల్సటి అంబలే. సర్కారుకి కాయితాలు రాసేడు, రాస్తానే ఉన్నాడు. బడికి గోడలుండాలని, గుంటలకి ఆళ్ళ మాటల్లోనే సెప్పాలని, బెత్తం వొద్దని. ఇరవై ఏళ్ళకి గోడలొచ్చేయి, మాటలొచ్చేయి. ఆడొక్కడి వల్లే అని నాను సెప్పను, అలాటోళ్ళు ఇంకా ఉండుంటారు. ముసిలితనంలో ఒకసారి ఆ దీవికి ఒచ్చేడంట. మారిట గుంటలు సుట్టూ కూకుని ఆడితో మెల్లగా మాటాడతన్నారు. మారిట అవతల గదిలోంచి సెవి పెట్టి ఇంది. కేకల్లేవు. అంబలి గిన్నె తెచ్చి ముందరెట్టింది. అందులో సెంచా నిలబడింది. అది సూసి అప్పుడు ఏడ్చేడని కూడా మా తాత సెప్పీవోడు. ఇది నమ్ముతాను.

అంతే బావూ, నాకొచ్చింది ఇదే. మొన్న నా మనవరాలు గుమ్మంలో కూకుని పాఠం కేకేసి సదువుతంది. ఇంట్లో అందరం సంబరపడిపోయేం, దాని తల్లయితే అన్నంలోకి ఇంకో సేప ముక్క ఏసింది. నాకు ఈ కత గుర్తొచ్చి, అంటే ఏటే అమ్మీ అని అడిగేను. అది నా కేసి ఓసారి సూసి, మళ్ళీ మొదట్నుంచీ ఎత్తుకుంది. నాను ఇంక అడగలేదు. ముక్క సల్లారిపోతాది కదా.