పేలుడు రోజున తమ్ముడు ఎక్కడున్నాడు

నన్ను అందరూ బొత్తాలక్క అంటారు. వయసు నలభై ఆరు. రైల్వే స్టేషన్ వెనక వీధిలో బట్టలు కుడతాను. ఆ స్టేషన్ పేలుడు కేసులో ఇన్నేళ్లకు మీరు పట్టుకొచ్చిన ఎలక్ట్రీషియన్ నా సొంత తమ్ముడు.

పేలుడు జరిగిన సాయంత్రం వాడు మా ఇంట్లో ఉన్నాడని చెప్పడానికి ఈ పోలీస్ స్టేషన్‌కి వచ్చాను. తేదీ అడిగారు. మా వీధిలో ఆ సంవత్సరాన్ని ఎవరూ అంకెతో చెప్పరు. మా చిన్నది పేలుడుకు ముందు పుట్టింది. వంటింటి గోడ పేలుడు తర్వాత కట్టాం. ఎవరైనా బాగా మాసిన చొక్కా తెస్తే, ఇది పేలుడుకు ముందుదిలా ఉందే అని నేనే వేళాకోళమాడతాను. అలా అనేటప్పుడు చనిపోయినవాళ్లు గుర్తుకు రారు. ఇక్కడ కూర్చుంటే సిగ్గేస్తోంది.

ఆ సాయంత్రం ఆరింటికి తమ్ముడు నా కుట్టుమిషన్ మోటారు విప్పి కూర్చున్నాడు. కిటికీ అద్దాలు అదిరాయి. టీవీ పెట్టాం. ప్లాట్‌ఫారం మీద పడున్న ఒంటి చెప్పు ఫోటో చూపించారు. "అక్కా, దాని జత ఎక్కడ పడిందో" అన్నాడు. ఆ గొంతు ఇంకా నా చెవిలోనే ఉంది.

ఆ ఫోటో మర్నాడు ఉదయం తీసిందని ఇన్‌స్పెక్టర్ గారు చెప్పారు. ఏటా అదే రోజున టీవీలో అదే చెప్పు చూపిస్తారు. ఏటా తమ్ముడు వచ్చి నా పక్కన కూర్చుంటాడు. మరి ఆ మాట ఏ ఏడు అన్నాడు? మోటారు ఏ ఏడు విప్పాడు? అద్దాలు అదరడమైనా నిజమే కదా అనుకుంటే, ఆ రోజు ఊళ్లోనే లేని పక్కింటి వదిన కూడా తన కిటికీ అదిరిందనే చెబుతుంది.

తమ్ముడు అలాంటివాడు కాదు. ఇంట్లో బల్లి కనబడితే కొట్టలేక నాకు ఫోన్ చేస్తాడు. ఆ సంగతి నాకు తెలుసు. ఆ రోజు ఎక్కడున్నాడంటేనే తలంతా గజిబిజిగా ఉంది. మా ఇంట్లోనే (నాకు గుర్తున్నంతవరకు) ఉన్నాడు. ఉన్నాడనే అనుకుంటున్నాను.

ఇదంతా నాకు చదివి వినిపించారు. "ఉన్నాడు" అన్నచోట "నాకు గుర్తున్నంతవరకు" అని చేర్చమన్నాను. అలా చేరిస్తే మీ తమ్ముడికి ఇది అక్కరకు రాదమ్మా అన్నారు ఇన్‌స్పెక్టర్ గారు. అయినా చేర్చమన్నాను. నన్నెవరూ బలవంతపెట్టలేదు. నాకు తెలిసిన నిజం ఇంతే. ఈ కాగితం నా తమ్ముడికి చూపించవద్దని వేడుకుంటూ సంతకం చేస్తున్నాను.

(సంతకం)
బొత్తాలక్క