బహుమతి పొందిన ఆకలి

చిత్రకారుడి గది ఊడ్చే ఆమె గుమ్మం దాటలేక నిలబడింది.

“బాబుగారూ, మీరు గీసిన నా బిడ్డ బొమ్మ పేపర్లో చూసి శిశుసంక్షేమం వాళ్ళు మా ఇంటికొచ్చారట. బిడ్డకి తిండి పెట్టట్లేదని రేపు తీసుకుపోతారట.”

“భయపడకమ్మా. పేదవాళ్ళను మహామహులంతా అలాగే గీశారు. డొక్క ఎండకపోతే చూసేవాడి గుండె కరగదు.”

“నా బిడ్డ డొక్క ఎండలేదు కదండీ. అది మీ కల్పనేనని ఒక్క ముక్క రాసివ్వండి.”

“కళ్ళారా చూసి గీశానని చెప్పి బహుమతి పుచ్చుకున్నాను. ఇప్పుడెలా రాయను?”

చిత్రకారుడు మళ్ళీ కుంచె అందుకున్నాడు.

“వాళ్ళొచ్చేలోగా పిల్లకి కడుపునిండా పెట్టు, చాలు.”

“మీ ముందు కూర్చున్నప్పుడూ తింటూనే ఉంది బాబుగారూ. దాని చేతిలో రొట్టె గీసి, మళ్ళీ చెరిపేసింది మీరే.”