కాసులమ్మ చూపించిన చోటు

కాసులమ్మకి ఒకటే జబ్బంట, ఊళ్ళోకి ఎవరొచ్చినా ఊరికే పోనివ్వదు. మెట్టరేవులో చేపలు ఎండబెట్టి అమ్ముకునే మనిషి, ఓలేసు పెళ్ళాం, మీలో కొందరు చూసే ఉంటారు. దారిన పోయేవాణ్ణి ఆపి నీళ్ళు తాగేవా, కూడు తిన్నావా, రాత్రికి ఎక్కడ పడుకుంటావు అని అడుగుతుంది. ఆ మాఘమాసంలో ఏమైందంటే, సాయంత్రం పూట రేవులోకి ఒక ఇల్లు దొర్లుకుంటూ వచ్చింది. నవ్వకండి, ఇల్లే. బడిపిల్లల్ని ఎక్కించుకునే పాత వ్యాను కొని, సీట్లు పీకేసి, లోపల మంచం, గ్యాసు పొయ్యి, నీళ్ళ డ్రమ్ము అమర్చి, పైన మెరిసిపోయే తెల్లరంగు వేయించుకున్నారనుకోండి. నడిపేవాడి పేరు కొమురయ్య, కరీంనగర్ అవతల ఏదో ఊరు, జన్మంతా బస్సు తోలి రిటైరైనవాడు. పక్కన భార్య బాలవ్వ. ఇద్దరూ సముద్రం ఒడ్డు పట్టుకుని, ఊరికో రాత్రి ఆగుతూ పోతున్నారంట. నేను విజయనగరంలో బీఏ చదివేటప్పుడు మా హాస్టలు గది ఆ బండికంటే ఇరుకు, అందులో ముగ్గురం, ఒకడికి నిద్రలో పద్యాలు చదివే అలవాటు, ఆ పద్యాలు కూడా తప్పులే. సరే, అదిప్పుడెందుకు.

కొమురయ్య దిగి, అక్కా, రాత్రికి ఈడ బండి పెట్టుకుంటే ఎవలన్న ఏమన్న అంటరా అని అడిగాడంట. అనడానికేటుంది బావూ, కానీ ఇక్కడొద్దు, చక్రం ఇసకలో దిగిపోద్ది, ఆ తాటిచెట్టు పక్కన గట్టినేలుంది, అక్కడెట్టుకో అని కాసులమ్మే ముందు నడిచి చోటు చూపించింది. బాలవ్వ కిటికీలోంచి సముద్రం వైపే చూస్తూ, అది రాత్రిపూట మీదికి రాదు గద చెల్లే అంది. రాదమ్మా, మీ ఆయన గురక ఇంటే అదే ఎనక్కెల్లిపోద్ది అంది కాసులమ్మ. నా గురక సంగతి నీకెట్ల తెలుసక్కా అని కొమురయ్య. బస్సు తోలినోడివి కదా, ఇంజను లేకపోతే నిద్దరెలాగొస్తాది అని ఆవిడ. అలా నవ్వుకుని, చేపల పులుసు తెచ్చిపెట్టి, ఇంటికెళ్ళి పడుకుందంట. ఓలేసూ, అతని తమ్ముడు ఎల్లాజీ అప్పటికే బోటు మీద వేటకి పోయారు.

ఇక్కడ మీకు ఒక సంగతి చెప్పాలి, లేకపోతే కథ అర్థం కాదు. మెట్టరేవు దగ్గర బోటు ఎక్కడపడితే అక్కడ ఒడ్డెక్కదు. గంగమ్మ గుడి ఉంది చూశారా, చిన్నది, సున్నం కొట్టిన గుడి, దానికి సూటిగా వస్తే కింద ఇసుక. దానికి దక్షిణంగా, తాటిచెట్టు ఎదర, నీళ్ళలో బండలు. సముద్రం పోటు మీదున్నప్పుడు పైకి కనపడవు. అందుకే ఆ గుడికి ఏటా సున్నం కొడతారు, భక్తి కొంత, భయం కొంత. పొద్దున్నే సూర్యుడు సముద్రంలోంచి లేచి గోడ మీద పడగానే అంత దూరం నుంచీ తెల్లగా కనిపిస్తుంది. సెల్ ఫోనులో దారి చూపిస్తుంది కదా తాతా అంటారు మీరు. చూపిస్తుంది. కానీ ఫోను తడవకుండా డబ్బాలో ఉంటుంది, అలల్లో ఒడ్డుకొచ్చేటప్పుడు రెండు చేతులూ చాలవు, అప్పుడు పనికొచ్చేది కళ్ళే. ఆ ఏడు గంగమ్మ పండగ ఇంకా రాలేదు, సున్నం పడలేదు. గోడ వానలకి పాచి పట్టి మసిబారి ఉందంట.

తెల్లారింది. ఒడ్డు మీద మంచు, వెనక కొండలు కనపడటం లేదు. కాసులమ్మ బుట్ట పట్టుకుని రేవుకొచ్చి చూస్తే, బోటు వస్తోంది. వస్తోంది గానీ, రావలసిన వైపు రావట్లేదు. నీటివాలు లాగుతుందేమో, సర్దుకుంటాడులే అనుకుందంట. సర్దుకోలేదు. తిన్నగా బండల మీదికే. ఈవిడ చెయ్యి ఊపింది. పెళ్ళాం రోజూ చెయ్యి ఊపుతుందాయె, ఎల్లాజీ కూడా తిరిగి ఊపాడంట. ఈళ్ళకేటైంది, గుడి కనపడట్లేదా అని వెనక్కి తిరిగి చూసిందంట. గుడి మంచులో మట్టిముద్దలా ఉంది. తాటిచెట్టు పక్కన, తను చూపించిన చోట, ఆ తెల్లబండి ఎండ పడి గుడికంటే గుడిలా వెలుగుతోంది.

ఏం చేస్తుంది చెప్పండి. బుట్ట పారేసి పరిగెత్తి తలుపు బాదింది. బావూ, బండి తియ్యి, బేగి తియ్యి, నా మొగుడు దీన్ని చూసి వచ్చేస్తన్నాడు అంది. కొమురయ్యకి నిద్రమత్తులో ఏమర్థమైందో, ఎవరి మొగుడు, నేనేం చేసిన అన్నాడంట. బాలవ్వే ముందు తేరుకుంది. ఎవరైతే నీకేంది, తియ్యమంటుంది గద, తియ్యి అంది. తాళం తిప్పాడు, కంగారులో వెనక్కి లాగాడు, చక్రం గట్టినేల దాటి ఇసకలో పడింది. ఇంక కదలదు. తిప్పినకొద్దీ దిగిపోతోంది. బోటు ఇంజను చప్పుడు దగ్గరైంది, అలల మోత కూడా. అప్పుడు కాసులమ్మ, ఆపు, తియ్యొద్దు, కప్పేద్దాం అంది. పక్కనే పెద్దవల కుప్ప పోసి ఉంది, ఒడ్డు మీంచి పదిమంది లాగే వల, నల్లగా, మందంగా. అందరూ రండర్రా అని కేకేస్తే రేవులో ఉన్న ఆడాళ్ళందరూ వచ్చి వల అందుకున్నారు. కొమురయ్య పైకెక్కి లాగాడు, మడతల మీద మడతలు వేశారు. ముందు అద్దం మాత్రం ఇంకా ధగధగా మెరుస్తోంది. బాలవ్వ లోపలికెళ్ళి, తమ ఊరు నుంచి తెచ్చుకున్న నల్లగొంగడి తెచ్చి దాని మీద పరిచి, జారిపోకుండా రెండు చేతులూ చాచి అద్దానికి అతుక్కుపోయింది. ఇంక మిగిలిందేమిటి, నిలబడి చూడటం. చప్పుడు అలాగే వస్తోంది. తర్వాత ఇంజను ఒక్కసారి గురక మారినట్టు మారింది. బోటు ముక్కు కొంచెం ఉత్తరానికి తిరిగింది, ఇంకొంచెం తిరిగింది. అడుగు బండకి గీసుకున్న చప్పుడు ఒడ్డు దాకా వినిపించింది, దాంతోపాటు నీళ్ళలో తిరిగే ఇంజను పంఖా విరిగింది. కానీ అప్పటికి లోతులోకి వచ్చేశారు, తెడ్లేసుకుని గుడి ముందు ఇసకెక్కారు.

ఓలేసు దిగి అడిగాడంట, ఏటే, గుడి నడిచొచ్చి మళ్ళీ ఎలిపోయిందేటి అని. కాసులమ్మ, నానే నడిపించాను, నానే తోలేశాను అని చెప్పి ఇసకలో కూలబడింది. ఆడాళ్ళు జరిగింది చెప్పాక కొమురయ్య ఓలేసు దగ్గరికొచ్చి చేతులు జోడించాడు. నీదేటుంది బావూ, అది చూపించిన చోటే కదా నువ్వు పెట్టావు, దాని మాట ఇన్నోడు ఎవుడు బాగుపడ్డాడు, నన్ను సూడు అన్నాడు ఓలేసు. అప్పటికి గానీ ఎవరికీ ఊపిరాడలేదు. తర్వాత అందరూ కలిసి బండిని ఇసకలోంచి తోశారు.

అప్పట్నుంచీ మెట్టరేవులో ఏ ఇల్లుబండి ఆగినా పొద్దుగూకేలోపు దాని మీద పెద్దవల కప్పుతారు. వచ్చినవాళ్ళు అదేదో ఈ ఊరి మర్యాద అనుకుంటారంట. దండం పెట్టినవాళ్ళున్నారు, వలకి కొబ్బరికాయ కొట్టినవాళ్ళున్నారు. ఊళ్ళో ఎవరూ అసలు సంగతి చెప్పరు. నేను ఓలేసుని అడిగాను, ఎందుకు చెప్పరయ్యా అని. జాగ్రత్త కోసమని చెప్పామనుకో, ఫోటో తీసుకుంటాం ఒక్క నిమిషం తీసెయ్యండి అంటారు, మర్యాద అన్నామనుకో, మేం తీసేదాకా ముట్టుకోరు అన్నాడు. కాసులమ్మ మాత్రం చుట్టాలకి ఇప్పటికీ తనే చోటు చూపిస్తుంది, తనే పులుసు పెడుతుంది. కానీ ఆ రాత్రి నిద్రపోదు. వల కప్పి ఉన్నా సరే, తెల్లవారేసరికి వెళ్ళి బండికీ సముద్రానికీ మధ్య, చీర కొంగు రెండు చేతులా చాచి పట్టుకుని నిలబడుతుందంట, బోట్లన్నీ ఒడ్డెక్కేదాకా. అంత బండికి ఆ కొంగు ఏ మూలకి అని నేనూ అనుకున్నాను, ఆవిడతో మాత్రం అనలేదు.